రోగం, మరణం గురించి మనం అచ్చువేసే మాటలు: తెలుగు వార్తా సంస్థల సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంపాదకులకు, ఆరోగ్య విలేకరులకు, వార్తలకు శీర్షికలు పెట్టే సబ్‌ఎడిటర్లకు నమస్కారాలు.

వైద్యులు రాసిచ్చిన మరణ కారణ పత్రాలను చదివి, ఒక్కొక్క మరణానికి అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో తగిన సంకేతాన్ని కేటాయించడం నా ఉద్యోగం. పత్రంలో ఒక మాట మారితే ఆ మరణం గణాంకాల్లో ఒక జబ్బు ఖాతా నుంచి మరో జబ్బు ఖాతాలోకి వెళ్లిపోతుంది కాబట్టి, ఈ పని చేసేవాళ్లకు మాటల అర్థం గురించిన పట్టింపు కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ పట్టింపుతోనే మీ వార్తల్లో రోజూ కనిపించే కొన్ని మాటల గురించి రాస్తున్నాను. వాటిని మీరు దురుద్దేశంతో వాడుతున్నారని నేను అనను. వార్త గడువులోపు చేరాలి, శీర్షిక స్థలంలో ఇమడాలి, అందరికీ అర్థం కావాలి అన్న ఒత్తిళ్ల మధ్య అవి స్థిరపడిపోయాయి. అయితే ఇంట్లో ఒకరు జబ్బు పడినప్పుడు ఏం చేయాలో తేల్చుకోవడానికి మిగతావాళ్లు వాడుకునేది మీరు నేర్పిన మాటలనే. అందుకే జబ్బు పేరు రాసినా, మరణ కారణం రాసినా, మరణాల లెక్క రాసినా, ఆ మాట కచ్చితంగా దేన్ని సూచిస్తుందో పాఠకుడికి తెలిసేలా రాయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

మొదట జ్వరాల సంగతి. వానాకాలం రాగానే ‘విషజ్వరాలు విజృంభిస్తున్నాయి’ అన్న శీర్షిక తప్పనిసరిగా వస్తుంది. విషజ్వరం పేరుతో ఏ వ్యాధీ లేదు. ఆ ఒక్క మాట కింద మలేరియా, డెంగీ, టైఫాయిడ్, లెప్టోస్పైరోసిస్, ఇంకా మామూలు వైరల్ జ్వరాలు అన్నీ కలిసిపోతున్నాయి. మలేరియా పరాన్నజీవి వల్ల వస్తుంది, దాన్ని మోసుకొచ్చే అనాఫిలిస్ దోమ ప్రధానంగా పొద్దుగూకిన తర్వాత కుడుతుంది. డెంగీ వైరస్‌ను మోసే ఈడిస్ దోమ పగటిపూట కుడుతుంది, నిలవ ఉన్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది. టైఫాయిడ్‌కు దోమతో సంబంధమే లేదు, అది కలుషితమైన నీటి వల్ల, ఆహారం వల్ల వచ్చే బ్యాక్టీరియా జబ్బు. లెప్టోస్పైరోసిస్ ఎలుకల వంటి జంతువుల మూత్రం కలిసిన నీటిలో తిరిగినవాళ్లకు సోకుతుంది. జాగ్రత్తలు వేరు, పరీక్షలు వేరు, మందులు వేరు. డెంగీలో అయితే చాలామందికి తెలియని ఒక అపాయం ఉంది: జ్వరం తగ్గుముఖం పట్టిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల నుంచి ద్రవం కారిపోయి రోగి పరిస్థితి విషమించవచ్చు. జ్వరం దిగింది కదా అని ఊపిరి పీల్చుకున్న కుటుంబానికి ఈ సంగతి చెప్పగలిగింది ‘డెంగీ’ అన్న పేరే, ‘విషజ్వరం’ అన్న పేరు చెప్పలేదు. పరీక్షల ఫలితాలు ఇంకా రాకపోతే ‘కారణం తేలని జ్వరాలు’ అని రాయడంలో చిన్నతనమేమీ లేదు. కారణం తేలాక ఆ పేరుతో మళ్లీ వార్త రావాలి, అంతే.

పక్షవాతం అనే మాట గురించి ఇంతకన్నా ఎక్కువ ఆందోళన నాది. ఒక పక్క కాలూ చేయీ పడిపోవడాన్ని ఆ మాట సూచిస్తుంది. జరిగినది మాత్రం మెదడులో. రక్తనాళం పూడుకుపోవడమో చిట్లడమో జరిగి మెదడులో కొంత భాగానికి రక్తం అందకుండా పోయింది. ఆ సంఘటన పేరు స్ట్రోక్, కాలూ చేయీ పడిపోవడం దాని ఫలితాల్లో ఒకటి. మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఉన్నట్టుండి ఒక కంటిచూపు మందగించడం కూడా దాని ఫలితాలే కావచ్చు. పెద్ద నాళం పూడుకున్నప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ‘పక్షవాతం’ అన్న మాట విన్న మనిషికి కాళ్లూ చేతులూ గుర్తొస్తాయి, వాతం గుర్తొస్తుంది, మర్దన గుర్తొస్తుంది, గడియారం గుర్తుకు రాదు. దశాబ్దాలుగా జనం నోట ఉన్న మాటను మానెయ్యమని నేను అడగడం లేదు. దాని పక్కన ‘మెదడుకు స్ట్రోక్’ అని కూడా ప్రతిసారీ రాయమని అడుగుతున్నాను.

గుండె విషయంలో ఉన్న గందరగోళం కూడా ఈ కోవలోదే. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోతే అది గుండెపోటు. ఆ మనిషి చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు, నొప్పి అంటాడు, చెమటలు పడతాయి, ఆసుపత్రికి చేరే వ్యవధి ఉంటుంది. గుండె కొట్టుకోవడమే స్తంభించి మనిషి కుప్పకూలితే అది కార్డియాక్ అరెస్ట్. నాడి ఉండదు, శ్వాస సరిగా ఉండదు, అక్కడున్నవాళ్లు వెంటనే ఛాతీ మీద నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టాలి. ఏమీ చేయకుండా గడిచిన ఒక్కొక్క నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది. గుండెపోటు కార్డియాక్ అరెస్ట్‌కు దారితీయవచ్చు కానీ రెండూ ఒకటి కావు. వ్యాయామం చేస్తూ పడిపోయిన యువకుడి గురించి ఎవరూ పరీక్షించకముందే ‘గుండెపోటుతో మృతి’ అని రాసినప్పుడు, తెలియని విషయాన్ని తెలిసినట్టు రాసినవాళ్లం అవుతున్నాం. ‘కుప్పకూలి మరణించారు, కారణం తెలియాల్సి ఉంది’ అన్న వాక్యం నిజాయితీగా ఉంటుంది.

ఇక నా వృత్తికి దగ్గరగా ఉన్న విషయానికి వస్తాను. మరణ కారణ పత్రం అనేది ఎలా ఉంటుందో మీలో చాలామంది చూసి ఉండకపోవచ్చు. అందులో మొదటి భాగంలో ఒకదాని కింద ఒకటిగా కొన్ని వరుసలు ఉంటాయి. పై వరుసలో మరణానికి తక్షణ కారణం రాయాలి, దాని కింద అది దేనివల్ల వచ్చిందో, ఇంకా కింద అది మళ్లీ దేనివల్ల వచ్చిందో రాసుకుంటూ పోవాలి. సరిగా నింపిన పత్రంలో అట్టడుగు వరుసలో ఉన్నదే మూలకారణం, అంటే మరణానికి దారితీసిన పరంపరను మొదలుపెట్టిన జబ్బు లేదా గాయం. దేశాల మరణ గణాంకాలన్నీ ఆ మూలకారణం మీదే నిలబడతాయి. రెండో భాగంలో ఆ పరంపరలో లేకపోయినా మరణానికి తోడైన ఇతర జబ్బులు రాస్తారు.

ఒక పత్రాన్ని ఊహించుకోండి. పై వరుసలో సెప్టిక్ షాక్, అంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవడం. దాని కింద పేగుకు రంధ్రం పడి కడుపులో చీము చేరడం. దాని కింద టైఫాయిడ్. ఈ మనిషి టైఫాయిడ్‌తో చనిపోయాడు, అంటే కలుషితమైన నీరో ఆహారమో అతని ప్రాణం తీసింది. చివరి క్షణంలో గుండె ఆగిపోయింది కాబట్టి బంధువులకు ‘గుండె ఆగి చనిపోయాడు’ అని చెబుతారు, విలేకరి కూడా అదే రాసుకుంటాడు. ఏ కారణంతో చనిపోయినా చివరకు గుండె ఆగుతుంది, శ్వాస ఆగుతుంది. అవి మరణం జరిగిన తీరును చెబుతాయే తప్ప కారణాన్ని చెప్పవు. అందుకే ఒట్టి ‘హృదయ స్పందన ఆగిపోవడం’ అని మాత్రమే రాసిన పత్రం మా చేతికి వస్తే దాన్ని పనికిరాని పత్రంగా లెక్కిస్తాం. ఇలాగే వృద్ధురాలు జారిపడి తుంటి ఎముక విరిగి, మంచానపడి, న్యుమోనియాతో మరణిస్తే మూలకారణం ఆ పడటమే. న్యుమోనియా అని మాత్రమే రాస్తే, ఆమె జారిపడిన మెట్ల గురించి ఎవరూ ఆలోచించరు.

ఇక్కడే తెలుగు వాక్యంలో ఒక చిక్కు ఉంది. ‘కోవిడ్‌తో మృతి’ అంటాం. ఆ ‘తో’ అన్న ప్రత్యయం ‘వల్ల’ అనీ చెప్పగలదు, ‘కలిగి ఉండి’ అనీ చెప్పగలదు. కోవిడ్ వల్ల ఊపిరితిత్తులు పాడై చనిపోయిన మనిషీ, రోడ్డు ప్రమాదంలో చనిపోయాక పరీక్షలో కోవిడ్ పాజిటివ్‌గా తేలిన మనిషీ ఆ ఒక్క అక్షరం కింద సమానమైపోతారు. ఆ మహమ్మారి కాలంలో దేశాలు మరణాలను వేర్వేరు పద్ధతుల్లో లెక్కించడం వల్ల పుట్టిన వాదోపవాదాల్లో కొన్ని ఈ తేడా చుట్టూనే తిరిగాయి. కారణం నిర్ధారణ అయినప్పుడు ‘వల్ల’ అని రాయండి. కానప్పుడు ‘కోవిడ్ ఉన్నట్టు తేలిన వ్యక్తి మరణించారు’ అని రాయండి. నాలుగు అక్షరాలు పెరుగుతాయి, పెరగనివ్వండి.

అంకెల దగ్గర జరిగే పొరపాట్లు ఇంకా పెద్దవి. ‘మరణాల రేటు’ అన్న మాటను మీరు కనీసం మూడు వేర్వేరు విషయాలకు వాడుతున్నారు. జబ్బు ఉన్నట్టు నిర్ధారణ అయినవాళ్లలో ఎంతమంది చనిపోయారన్నది ఒకటి. జబ్బు సోకిన అందరిలో, అంటే పరీక్ష చేయించుకోనివాళ్లనూ లక్షణాలే లేనివాళ్లనూ కలుపుకొని, ఎంతమంది చనిపోయారన్నది రెండోది. మొత్తం జనాభాలో ఏడాదికి ఆ జబ్బు వల్ల ఎంతమంది చనిపోయారన్నది మూడోది. మూడింటిలోనూ పైన ఉన్న అంకె ఆ మరణాలదే, కింద భాగించే సంఖ్య మాత్రం వేరు. 2020 మార్చి 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధినేత, అప్పటికి నమోదైన కోవిడ్ కేసుల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3.4 శాతం మంది మరణించారని చెప్పారు. ఆయన ‘నమోదైన కేసుల్లో’ అన్నారు. ఆ రెండు మాటలూ ఎగిరిపోయి, వైరస్ సోకిన ప్రతి వందమందిలో ముగ్గురికి పైగా చనిపోతారన్న అర్థంతో ఆ అంకె లోకమంతా తిరిగింది. పరీక్షకు రాని తేలికపాటి కేసులను కలిపితే శాతం తగ్గుతుంది. ఇంకా ఆసుపత్రిలో ఉండి తర్వాత మరణించబోయేవాళ్లను కలిపితే పెరుగుతుంది. వ్యాప్తి తొలినాళ్లలో ఏ శాతాన్నయినా ఈ రెండు హెచ్చరికలతో కలిపే అచ్చువెయ్యాలి.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అయినా మొత్తం జనాభా మీద చూస్తే ఆ మరణాల రేటు చాలా చిన్నది, ఎందుకంటే ఆ దశకు చేరేవాళ్లు తక్కువ. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా సోకినవాళ్లలో అత్యధికులు బతికి బయటపడ్డారు. అయినా సుమారు 5 కోట్ల మంది చనిపోయి ఉంటారన్నది విస్తృతంగా చెప్పుకొనే అంచనా, ఎందుకంటే అది సోకినవాళ్ల సంఖ్య అంత పెద్దది. ‘ప్రాణాంతకం’ అన్న ఒకే విశేషణాన్ని ఈ రెండింటికీ తగిలిస్తే, ఏ జబ్బు విషయంలో ఎందుకు భయపడాలో పాఠకుడికి తెలియకుండా పోతుంది. రేబిస్ విషయంలో కుక్క కరిచిన వెంటనే గాయం సబ్బుతో కడిగి టీకా వేయించుకోవాలి. ఫ్లూ విషయంలో అది ఒకరి నుంచి ఒకరికి పాకకుండా చూసుకోవాలి.

శిశు మరణాల రేటును వెయ్యి సజీవ జననాలకు లెక్కిస్తారు, మాతృ మరణాల నిష్పత్తిని లక్ష సజీవ జననాలకు లెక్కిస్తారు. రెండింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, కింద ఏ వివరమూ ఇవ్వకుండా వదిలేస్తే తల్లుల మరణాలు బిడ్డల మరణాల కన్నా ఎక్కువేమో అనిపిస్తుంది. పైగా మాతృ మరణం అంటే గర్భంతో ఉండగా గానీ గర్భం ముగిసిన 42 రోజుల లోపు గానీ, గర్భానికో కాన్పుకో సంబంధించిన కారణంతో జరిగిన మరణం. గర్భిణి బస్సు ప్రమాదంలో చనిపోతే అది ఈ లెక్కలోకి రాదు.

‘ముప్పు రెట్టింపు’ అన్న శీర్షిక ఎంత నష్టం చేయగలదో చెప్పడానికి 1995 అక్టోబరు నాటి బ్రిటన్ ఉదంతం చాలు. కొత్త తరం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెండింతలవుతుందని అక్కడి మందుల భద్రతా కమిటీ హెచ్చరించింది. పత్రికలు ఆ ‘రెండింతలు’ అన్న మాటను పతాక శీర్షికల్లోకి ఎక్కించాయి. అసలు లెక్క ఏమిటంటే, 7,000 మందిలో ఒకరికి ఉన్న ముప్పు 7,000 మందిలో ఇద్దరికి పెరిగింది. ఎంతోమంది మహిళలు భయపడి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు, అంటే కోరి చేయించుకున్న గర్భస్రావాలు, వేల సంఖ్యలో పెరిగాయి. గర్భం దాల్చినప్పుడు రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల వల్ల వచ్చే ముప్పు కన్నా ఎక్కువ. ఆ మాట కూడా ఆ వార్తల్లోనే చెప్పవలసింది. రెట్లు రాసిన ప్రతిసారీ ఎంతమందిలో ఎంతమంది అన్నది కూడా ఆ వాక్యంలోనే రాయమని నా ప్రార్థన.

క్యాన్సర్ వార్తల్లో ‘అయిదేళ్లు బతికేవారి శాతం పెరిగింది’ అన్న మాట తరచూ వస్తుంది. చికిత్స మెరుగైతే అది పెరుగుతుంది, నిజమే. చికిత్స ఏమీ మారకపోయినా, జబ్బును ముందుగా పట్టుకుంటే కూడా పెరుగుతుంది. 70వ ఏట చనిపోయే మనిషికి జబ్బు 67వ ఏట బయటపడితే అతను అయిదేళ్లు బతికినవాళ్ల లెక్కలోకి రాడు. 60వ ఏటే బయటపడితే వస్తాడు. చనిపోయింది మాత్రం 70వ ఏటే. దక్షిణ కొరియాలో స్కానింగులు విస్తరించడంతో 1993కూ 2011కూ మధ్య థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లు పెరిగాయి, ఆ క్యాన్సర్ వల్ల జరిగే మరణాలు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. ముందుగా కనుక్కోవడం మేలు చేసే క్యాన్సర్లు ఉన్నాయి, వాటి గురించి తప్పక రాయండి. ఆ మేలుకు సాక్ష్యంగా చూపవలసింది మాత్రం మరణాలు తగ్గాయా అన్న లెక్కనే.

‘నిర్మూలన’ అన్న మాటకు కూడా హద్దు గీయాలి. మనుషుల జబ్బుల్లో భూమ్మీద పూర్తిగా నిర్మూలించినట్టు ప్రకటించింది మశూచి ఒక్కటే, 1980లో. కుష్ఠు విషయంలో ‘ప్రజారోగ్య సమస్యగా నిర్మూలన’ అంటే పదివేల జనాభాకు ఒక కేసు కన్నా తక్కువ ఉండటం. అది పరిపాలనా లక్ష్యం. దాన్ని ‘కుష్ఠు పోయింది’ అని అచ్చువేస్తే, చర్మం మీద స్పర్శ లేని మచ్చ కనిపించినవాడికి అది కుష్ఠు కావచ్చన్న అనుమానమే రాదు. పూర్తిగా నయమయ్యే జబ్బు, చేతి వేళ్లు వంకరపోయేదాకా ముదిరిపోతుంది.

బ్రెయిన్ డెడ్ అన్న మాట దగ్గర మీ జాగ్రత్త కుటుంబాలకు నేరుగా ఉపయోగపడుతుంది. కోమాలో ఉన్న మనిషి బతికి ఉన్న మనిషి, కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. మెదడు, శ్వాసను నడిపించే దాని అడుగుభాగమైన మెదడు కాండంతో సహా, మళ్లీ పనిచేయలేని స్థితికి చేరినట్టు నిర్ణీత పరీక్షల్లో తేలితే అది బ్రెయిన్ డెత్. 1968లో హార్వర్డ్ వైద్య కళాశాల కమిటీ ఒకటి ఈ స్థితికి ప్రమాణాలు ప్రతిపాదించినప్పటి నుంచి అనేక దేశాల చట్టాలు దాన్ని మరణంగానే గుర్తిస్తూ వచ్చాయి. వెంటిలేటర్ ప్రాణవాయువు అందిస్తున్నంతసేపు గుండె తన సొంత విద్యుత్ ప్రేరణతో కొంతకాలం కొట్టుకుంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, మూత్రం వస్తుంది. ఆ స్థితిలో ఉన్న కొడుకును చూస్తున్న తల్లికి అతను చనిపోయాడని నమ్మడం ఎంత కష్టమో ఆలోచించండి. మీరేమో ‘బ్రెయిన్ డెడ్ అయిన యువకుడి పరిస్థితి విషమం’ అని ఒకరోజు, ‘అవయవదానం చేసి కన్నుమూసిన యువకుడు’ అని మరుసటి రోజు రాస్తారు. ఆ రెండో శీర్షిక చదివిన తల్లికి, తాను సంతకం పెట్టినందువల్లే కొడుకు పోయాడన్న అనుమానం పుట్టదా? ‘బ్రెయిన్ డెత్ ద్వారా మరణించినట్టు వైద్యులు ధ్రువీకరించారు, ఆ తర్వాత కుటుంబం అవయవాలను దానం చేసింది’ అని వరుస తప్పకుండా రాయండి.

ఇంకొకటి, చాలా సున్నితమైనది. ‘ఆత్మహత్యకు పాల్పడ్డారు’ అన్నది తెలుగు వార్తల్లో స్థిరపడిపోయిన వాక్యం. అవినీతికి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు, దౌర్జన్యానికి పాల్పడతారు. తెలుగులో ‘పాల్పడటం’ నేరాల పక్కన నిలబడే క్రియ. చనిపోయిన మనిషిని నేరస్థుల వరుసలో నిలబెట్టే ఆ క్రియ, అలాంటి ఆలోచనలతో సతమతమవుతున్న పాఠకుడిని నోరు విప్పకుండా చేస్తుంది, మిగిలిన కుటుంబాన్ని తలదించుకునేలా చేస్తుంది. ‘ఆత్మహత్య వల్ల మరణించారు’ అని రాయవచ్చు. బతికి బయటపడినవారి గురించి ‘విఫలయత్నం’ అని రాయకండి, బతకడం వైఫల్యం కాదు. వాడిన పద్ధతినీ, స్థలాన్నీ వివరించవద్దని, ఒకే కారణానికి ముడిపెట్టవద్దని, సహాయం ఎక్కడ దొరుకుతుందో వార్తతోపాటే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని పాటించినంత మాత్రాన వార్తకు వచ్చే లోటేమీ లేదు.

‘వైద్యులు చేతులెత్తేశారు’ అన్న వాక్యాన్ని కూడా వదిలిపెట్టమని అడుగుతాను. జబ్బు నయం చేసే చికిత్స ఆగిన తర్వాత కూడా నొప్పి తగ్గించే, ఆయాసం తీర్చే, మనిషిని మర్యాదగా చూసుకునే వైద్యం ఉంది. దాన్ని ఉపశమన వైద్యం అంటారు. చేతులెత్తేశారన్న మాట విన్న కుటుంబం ఆ వైద్యం కోసం అడగనే అడగదు.

నేను కోరేది ఆచరణలో పెట్టలేనంత పెద్దదేమీ కాదు. మీ సంస్థల్లో ఇప్పటికే పేర్ల వర్ణక్రమం గురించి, తేదీల గురించి, బిరుదుల గురించి శైలి నియమాలు ఉంటాయి. వాటికి రోగానికి, మరణానికి సంబంధించిన మాటల పుటలు కొన్ని కలపండి. ఆ పుటలను వైద్యులు, గణాంక నిపుణులు, మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లు మీ సబ్‌ఎడిటర్లతో కలిసి కూర్చుని రాయాలి. ఏడాదికోసారైనా మళ్లీ చూసుకోవాలి. రాత్రి పాళీలో శీర్షిక పెట్టే మనిషి చేతికి అందేలా ఉంచాలి, ఎందుకంటే నేను పైన చెప్పిన పొరపాట్లలో చాలావరకు విలేకరి కాపీలో ఉండవు, రాత్రి పదకొండు గంటలకు శీర్షికలో పుడతాయి. తప్పు దొర్లినప్పుడు సవరణను లోపలి పేజీ అడుగున కాకుండా, ఆ వార్త వచ్చిన చోటే వెయ్యండి. మీ విలేకరులకు మరణ కారణ పత్రం ఎలా చదవాలో చెప్పడానికి ఏ సంస్థ పిలిచినా, పేర్లు తొలగించిన నమూనా పత్రాలతో వచ్చి కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
మరణ కారణాల సంకేతీకరణలో పనిచేస్తున్న మీ పాఠకుడు